రెండోసారి చూశాకే రాయాలి

మా ఇంట్లో రెండు రోజులుండి నిన్న మధ్యాహ్నం రైలెక్కిన కుటుంబం ఒకటి, సొరంగాలు దాటీ దాటకముందే మా గురించి ఫోన్లో నాలుగు ముక్కలు రాసి పెట్టింది. అనంతగిరి నుంచి అరకు వెళ్ళే రోడ్డు పక్కన, కాఫీ తోటల్లో ఇల్లు మాది. రెండు గదులు టూరిస్టులకి అద్దెకిస్తాం. ఐదు స్టార్లూ ఇచ్చారు, సంతోషమే. కింద ఇంగ్లీషులో ‘ఫస్ట్ ఇంప్రెషన్ ఈజ్ ద బెస్ట్ ఇంప్రెషన్’ అన్నారు. ఆ పక్కనే ‘బట్ డోంట్ జడ్జ్ ఎ బుక్ బై ఇట్స్ కవర్’ అన్నారు. అంటే తొలిచూపే అసలు చూపన్నారు, అదే ఊపులో తొలిచూపుని నమ్మొద్దని కూడా అన్నారు. ఇంతకీ మా ఇల్లు చూడగానే బాగుందా, చూడగానే బాగాలేదా? రాసినవాళ్ళకే తెలిసినట్టు లేదు.

నేను పొయ్యి దగ్గర ఒక్కదాన్నే పగలబడి నవ్వుతుంటే మా అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. "ఏటే గుంటా, ఫోన్ సూసి నీలో నువ్వే నవ్వుకుంటన్నావు?" అంది. చదివి వినిపించాను. అమ్మకి ఇంగ్లీషు రాదు గానీ ఈ రెండు వాక్యాలూ మాత్రం బాగా తెలుసు. మేడమ్ గోరుంటే ఆల్ని రైల్లోంచి దింపి మళ్ళీ రాయించేవారంది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

మేడమ్ అంటే మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన మేడమ్. పేరు చెప్పను. చెబితే, పేరెందుకు, మనిషిని చూపించు అని ఎర్రసిరాతో కొట్టేసే రకం ఆవిడ. మనిషి బాగా పొడుగు. మా కొండల్లో ఇళ్ళకి చూరు బాగా కిందికి ఉంటుంది. ఎవరింటికొచ్చినా సగానికి వంగి లోపలికి రావాల్సిందే. మేడమ్ గోరు మన ఇళ్ళన్నిటికీ దండం ఎట్టుకుంటా తిరుగుతారని అమ్మ అనేది. చీర కింద స్పోర్ట్స్ బూట్లు, చీర మీద మగవాళ్ళ స్వెట్టరు, నెత్తిన మంకీ క్యాపు. చలికాలం సరే, మే నెలలో కూడా ఆ టోపీ చేతిసంచీలో సిద్ధంగా ఉండేది. వీధికుక్కలతో ఇంగ్లీషే మాట్లాడేవారు. వ్యాసాలు రాయక్కర్లేదు కాబట్టి అవి మాకంటే బేగి నేర్చుకున్నాయని చెప్పేవారు.

మేం డిగ్రీలో చేరేసరికి మా దగ్గర ఇంగ్లీషు పెద్దగా లేదు గానీ ఇడియమ్స్ మాత్రం దండిగా ఉన్నాయి. ఇంటర్లో కంఠతా పట్టించి పంపారు. వ్యాసం దేని గురించైనా సరే, మొదటి వాక్యం ఒకటే. తుఫాను గురించి రాసినా ఫస్ట్ ఇంప్రెషన్, జాతీయ సమైక్యత గురించి రాసినా ఫస్ట్ ఇంప్రెషన్. మా క్లాసులో సోమన్న అని చింతపల్లి వైపు నుంచి వచ్చిన గుంటడు ఒకడుండేవాడు. ‘మా అమ్మ’ అనే వ్యాసంలో వాడు ‘ఫస్ట్ ఇంప్రెషన్ ఈజ్ ద బెస్ట్ ఇంప్రెషన్. నేను పుట్టగానే మా అమ్మను చూశాను’ అని రాశాడు. నేనేం తక్కువ తినలేదు. ఆవు మీద వ్యాసాన్ని ‘డోంట్ జడ్జ్ ఎ బుక్ బై ఇట్స్ కవర్’ అని ఎత్తుకున్నాను.

మేడమ్ నా కాగితం పైకెత్తి, ఆవుకి కవరేటమ్మా అని అడిగారు. తోలు మేడమ్ అన్నాను. క్లాసు గొల్లుమంది. మేడమ్ కూడా నవ్వుతూ కుర్చీలో కూలబడ్డారు. ఆ కుర్చీ ఆవిడకి ఎప్పుడూ పొట్టే. కూర్చుంటే మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేవి.

నవ్వటం అయ్యాక, మీలో పుస్తకం అట్ట చూసినవాళ్ళెవరో చేతులెత్తమన్నారు. ఎవరమూ ఎత్తలేదు. జూన్ నెల రాగానే మా పుస్తకాలన్నిటికీ సిమెంటు సంచి కాగితంతో అట్టలు వేసేసేవారు. లెక్కల పుస్తకమైనా, సోషలైనా, పైన కనిపించేది సిమెంటు కంపెనీ బొమ్మే. "మరి ఆ అట్ట చూసి మీరేం మోసపోయారర్రా? లోపల సిమెంటుందనుకున్నారా?" అన్నారు. "ఈ మాట మీకు జరగలేదు. జరగని మాట రాయకూడదు."

అదీ ఆవిడ చట్టం. ఇడియం రాయాలంటే ముందు అది నీకు జరగాలి. చూపుకి మోసపోయిన వాడే ‘అప్పియరెన్సెస్ ఆర్ డిసెప్టివ్’ అని రాయాలి. మోసపోని వాడు కుండని చూస్తే ‘కుండ బాగుంది’ అని రాసుకుని ఇంటికెళ్ళాలి. ఇడియం అంటే అద్దెకి తెచ్చిన పట్టుచీర అనేవారు. పెళ్ళికి కట్టుకో, మహబాగుంటుంది. కట్టెలకి వెళ్తూ కట్టుకుంటే అడవి కూడా నవ్వుద్ది.

ఆ చట్టానికి ఇంకో సగం ఉంది. అది శుక్రవారం సంతలో అమలయ్యేది. క్లాసంతటినీ సంతకి తోలుకెళ్ళి, ఎవరికి నచ్చిన మనిషినో వస్తువునో వాళ్ళని చూడమనేవారు. చూడాలి, రాయకూడదు. అక్కడి నుంచి కొండచీపుళ్ళ వాళ్ళని దాటి, పసుపు రాశులు దాటి, ఎండుచేపల వాసన దాటి, సంతంతా ఒక చుట్టు చుట్టి వెనక్కొచ్చి అదే మనిషిని మళ్ళీ చూడాలి. మొదటి చూపుకీ రెండో చూపుకీ తేడా వస్తే అప్పుడు సంచీలోంచి ఇడియం తీయాలి. తేడా రాకపోతే మామూలు మాటలు చాలు. మేం నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మల ముందు నిలబడి గుడ్లప్పగించి చూస్తుంటే వాళ్ళు నోట్లోంచి చుట్ట తీసి, ఏటి సూస్తన్నారే అని తిట్టేవారు. కాలేజీ చదువు అని చెప్పేవాళ్ళం. పాపం అని జాలిపడేవారు.

ఇక చూడండి, మోసపోవటానికి మేం పడిన పాట్లు. సోమన్న సంతలో మహా సోకైన నీలం గొడుగు కొన్నాడు. హాస్టల్ దారిలో వాన పట్టుకుంది. గొడుగు రంగంతా వాడి నెత్తిమీంచి చొక్కామీదికి దిగింది. ఇంకొకడైతే ఏడ్చేవాడే. వాడు మర్నాడు అదే నీలం చొక్కా, నీలం చెవులతో క్లాసు తలుపు తోసుకుని వచ్చి, మోసపోయాను మేడమ్ అని కేక పెట్టాడు. మేడమ్ లేచి నిలబడి వాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఇప్పుడు రాయి నాన్నా, నీ సొమ్మే అది అన్నారు. వాడు ‘అప్పియరెన్సెస్ ఆర్ డిసెప్టివ్’ అని బోర్డు మీద ఎంత పెద్దక్షరాలతో రాశాడంటే, చివరి మాట గోడ మీదికి వెళ్ళింది.

నా వంతుకి నేను ‘లవ్ ఎట్ ఫస్ట్ సైట్’ తీసుకున్నాను. వ్యాసంలో ఆ మాట చూసి మేడమ్ కళ్ళజోడు తీసి, ఎవరితోనే అని గొంతు తగ్గించి అడిగారు. క్లాసంతా ముందుకి వంగింది. మేక మేడమ్ అన్నాను. సంతలో అమ్మకానికొచ్చిన నల్ల మేకపిల్ల, ఒక చెవి తెలుపు. సంతంతా చుట్టి వచ్చి చూసినా ప్రేమ తగ్గలేదు, మా నాన్నని పీడించి కొనిపించాను. మేడమ్ మా ఇంటిదాకా వచ్చి, చూరు కింద వంగి, ఆ మేకపిల్లని రెండుసార్లు చూసి, పర్మిషన్ ఇచ్చారు. మా క్లాసు మొత్తంలో ఆ ఇడియం న్యాయంగా సంపాదించుకున్నది నేనొక్కదాన్నే.

తెలుగు సామెతలకీ అదే రూలు. ఎవరో ‘దూరపు కొండలు నునుపు’ అని రాస్తే ఒప్పుకోలేదు. "మీరు పుట్టిందే కొండ మీద. మీకు దూరమేటి, నునుపేటి? ఆ మాట నాది. బొబ్బిలి నుంచి చూసి నున్నగా ఉన్నాయనుకుని బయల్దేరి, ఘాట్ రోడ్డులో ప్రతి మలుపుకీ కక్కుకుంటూ సంపాదించాను," అన్నారు. ఉద్యోగానికి మొదటిసారి జీపులో వచ్చినప్పటి సంగతి అది. మళ్ళీ దిగాలంటే కూడా అదే రోడ్డు కదా అని భయపడి ఉండిపోయానని చెప్పేవారు. నిజం కాదు. ఇక్కడ ఆవిడకి బాగుంది, అందుకే ఉన్నారు.

మాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం సిలబస్‌లో లేదు. మేడమ్ పెళ్ళిచూపుల కథ. వాన పడి సగం క్లాసు రాని రోజున, చెప్పండి మేడమ్ అని బతిమాలితే చాలు. డస్టరు అరచేతిలో పెట్టుకుని, దాన్నే కాఫీ పళ్ళెం చేసి, మొత్తం నటించి చూపించేవారు. అబ్బాయి కాస్త పొట్టి అని ముందే తెలిసి, వాళ్ళమ్మ ఒక ఉపాయం చెప్పిందట. చీర కిందికి దించి కట్టి, లోపల మోకాళ్ళు వంచి నడవమందట. మేడమ్ మోకాళ్ళు వంచుకుని, పళ్ళెం పట్టుకుని, బల్లల మధ్య బాతులా నడిచి చూపించేవారు. మేం నవ్వలేక బల్లల మీద పడేవాళ్ళం. అందరికీ కాఫీలిచ్చి, అబ్బాయి దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు పీకి, మరిచిపోయి నిటారుగా లేచారట. ఆ అబ్బాయి తల ఎత్తాడు, ఇంకా ఎత్తాడు, ఇంకా ఎత్తాడు. ఆ తల ఎత్తటం కూడా ఆవిడే చేసి చూపించేవారు.

"అంతే. ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామన్నారు." ఇక్కడ ఒక్క నిమిషం ఆగేవారు. ఆ మాటకి అర్థమేమిటో పెళ్ళిచూపులకి కూర్చున్న ఏ ఆడపిల్లకీ విడమర్చి చెప్పక్కర్లేదు. "ఇంకా రాస్తూనే ఉన్నారు కాబోలు. పెద్ద ఉత్తరమే అయ్యుంటుంది."

మాకు చప్పట్లు కొట్టి కొట్టి చేతులు మండేవి. ఆ తర్వాత ఎవరో ఒకరం ఎప్పుడూ ఒకే ప్రశ్న అడిగేవాళ్ళం. ఆయన మిమ్మల్ని చూసి పొడుగనుకున్నాడు సరే, ఆయన్ని చూసి మీకేమనిపించింది మేడమ్? ఆవిడ డస్టరు బల్ల మీద పెట్టేసి, ఒక్కసారే చూశాను కదర్రా, రెండోసారి చూశాకే చెప్తాను అనేవారు. ఆ పొట్టాయన మళ్ళీ ఎక్కడ కనపడతాడు, ఇది తేలేది కాదని వదిలేశాం.

కనపడ్డాడు. మేం ఫైనలియర్‌లో ఉండగా, మేడమ్‌కి రిటైర్మెంటు దగ్గరపడుతుండగా, బొబ్బిలి నుంచి కబురొచ్చింది. ఆయన బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి దిగాడట. భార్య పోయి రెండేళ్ళయిందట. అరకులో ఉన్న ఆ పొడుగాటి టీచరుగారు పెళ్ళి చేసుకోలేదని ఎవరో చెప్పారట. మీకభ్యంతరం లేకపోతే వచ్చి ఒకసారి చూస్తానన్నాడట.

ఈ సంగతి మేడమ్ మొదట మా అమ్మకి చెప్పారు, మా వంటింట్లో. నవ్వుతూనే చెప్పారు గానీ, స్వెట్టరు బొత్తాం తిప్పుతూ చెప్పారు. ఏమంటావు వదినా అని అడిగారు. అమ్మ చోడి అంబలి గ్లాసు ముందు పెట్టింది. అప్పుడు మేడమ్ నావైపు తిరిగి, "ఒక్క కప్పు కాఫీ కాయటం ఎంత కష్టమో తెలుసా గుంటా? ఏనాడూ కొలత కుదరదు," అన్నారు. ఎప్పుడూ నవ్వించే మనిషి అలా అనేసరికి నేను పొయ్యి వైపు తిరిగి ఊదుతూ కూర్చున్నాను.

ఆవిడ ఉండేది ఒంటిగది. అందుకని ఆయన మా ఇంట్లో టూరిస్టులా దిగేట్టు, శుక్రవారం పొద్దున్న రైలుకి వచ్చేట్టు ఏర్పాటైంది. శుక్రవారమే ఎందుకో మా క్లాసులో అందరికీ అర్థమైంది. సంత రోజు కదా. ఆయన్ని రెండోసారి చూడబోతున్నారు, అదీ చట్టప్రకారం.

ఆ రోజు మేడమ్ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్నారు. స్వెట్టరు లేదు, టోపీ లేదు. బూట్లు మాత్రం అవే. మోకాళ్ళు వంచలేదు. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్టులా ప్లాట్‌ఫారం మీద నిటారుగా నిలబడ్డారు. ఆయన రైల్లో టూరిస్టుల అద్దాల బోగీలోంచి దిగి, తల ఎత్తి చూసి, మీరేం తగ్గలేదండీ అన్నాడు. మేడమ్ పకపకా నవ్వారు. నాకు గుండె గుభేలుమంది. మనిషి మంచివాడిలా ఉన్నాడు.

సంతలో వాళ్ళ వెనక మా క్లాసంతా ఉంది. అల్లం కొంటున్నట్టు కొందరు, రాజ్‌మా గింజలు ఏరుతున్నట్టు కొందరు, సోమన్న అయితే అక్కర్లేని చీపుళ్ళ కట్ట నెత్తినెత్తుకుని మరీ తిరిగాడు. ఆ ఉత్తరం రాయకపోవటం తప్పేనండీ అని ఆయన అనటం మేమంతా విన్నాం. మేడమ్ సంచీ ఆయనే మోశాడు. చివర్లో, సంత దాటాక వాలు వస్తుంది కదా, అక్కడ ఆయన గబగబా రెండడుగులు పైకి వెళ్ళి నిలబడి, చూశారా, కొండల్లో అయితే మనిద్దరం సమానమే అన్నాడు. మేడమ్ మొహం ఎర్రబడింది. ఆ వయసులో అంత పొడుగు మనిషి సిగ్గుపడటం మేమెప్పుడూ చూడలేదు.

మేడమ్ వెళ్ళిపోతారని తెలిసిపోయింది. వెళ్ళిపోతారని ఏడుపొచ్చింది. వెళ్ళకపోతే ఆ మొహంలో వెలుగు ఆరిపోతుందని అదీ ఏడుపే. ఆవిడ సంతోషంగా ఉండాలనీ ఉంది, ఇక్కడే ఉండాలనీ ఉంది. రెండూ కలిపి ఏ దేవతకి మొక్కుకోవాలో తెలియలేదు.

సాయంత్రం మా వసారాలో కూర్చున్నారు. ఆయన కుర్చీలో, మేడమ్ ఎదురుగా మంచం మీద, అమ్మ గుమ్మం దగ్గర కాఫీగింజలు ఏరుతూ. నేను కాఫీలు తెచ్చాను. పళ్ళెం పట్టుకుని వస్తుంటే మేడమ్ నా మోకాళ్ళ వైపు చూసి కన్ను కొట్టారు. ఆయన రెండు గుక్కలు తాగి, బాగుందన్నాడు. తన విశాఖపట్నం ఇంటి గురించి చెప్పాడు. మూడు గదులు, దూరంగా సముద్రం కనిపిస్తుంది. ఆ తర్వాత కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకుని, మా అమ్మ వైపు తిరిగాడు.

"మేడమ్ గారికి బీపీ, షుగరు ఏమైనా ఉన్నాయామ్మా? వంటా అదీ తనే చేసుకుంటారా?"

మా అమ్మకి ‘మీరు’ అనటం అంతగా అలవాటు లేదు. మేడమ్‌కి తప్ప ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా నువ్వే. ఏరుతున్న గింజలు ఆపి, ఆయన్నీ మేడమ్‌నీ మార్చి మార్చి చూసింది.

"మేడమ్ గోరు నీ ఎదట్నే కూకున్నారు కద బాబూ. ఆలకి నోరుంది. ఆల్నే అడుగు."

మేడమ్ అప్పుడే కాఫీ గుక్క వేసుకున్నారు. అది ముక్కులోకి పోయింది. దగ్గుతున్నారో నవ్వుతున్నారో కాసేపు తెలియలేదు. నవ్వే. కళ్ళలోంచి నీళ్ళు కారేలా, మంచం కోళ్ళు కిరకిరలాడేలా నవ్వారు. ఆయన కూడా ఏమిటో అర్థం కాక, మర్యాదకి కొంచెం నవ్వాడు. నాకూ అప్పటికి అర్థం కాలేదు. కానీ ఏదో తేలిపోయిందని మాత్రం తెలిసింది, ఎందుకంటే మేడమ్ లేచి, సంచీలోంచి మంకీ క్యాపు తీసి, పట్టుచీర మీదే నెత్తిన పెట్టేసుకున్నారు. చలేస్తోందర్రా అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన్ని రైలెక్కించటానికి నేనూ వెళ్ళాను. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. మేడమ్ ఇచ్చిన కాఫీపొడి పొట్లం ఒళ్ళో పెట్టుకున్నాడు. రైలు కదిలేముందు, మరి ఏ సంగతీ చెప్పలేదు అన్నాడు. మేడమ్ రెండు చేతులూ జోడించి, ఎంతో వినయంగా వంగి చెప్పారు.

"ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తానండీ."

ఆయన ఒక్క క్షణం అలాగే చూశాడు. తెలుగువాడు కదా, బోధపడింది. తర్వాత ఆయనా నవ్వేశాడు, తల అడ్డంగా ఊపుతూ, రైలు మలుపు తిరిగేదాకా. చెడ్డవాడు కాదు. ఆ మాట మేడమ్ కూడా తర్వాత చాలాసార్లు అన్నారు. మంచాయనే, ఎదురుగా ఉన్న మనిషిని అడగటం రాదంతే అని.

సోమవారం క్లాసుకి ఒక్కరం కూడా ఎగ్గొట్టలేదు. మేడమ్ లోపలికొచ్చి, హాజరు పిలవకుండా, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశారు. ‘ఫస్ట్ ఇంప్రెషన్ ఈజ్ ద బెస్ట్ ఇంప్రెషన్.’ మూడేళ్ళుగా మా కాగితాల మీద ఎర్రసిరాతో చంపిన వాక్యం అది. క్లాసు గోలతో పైకప్పు లేచిపోయింది. సోమన్న లేచి, మేడమ్, మీరే రాయొద్దన్నారు కదా అన్నాడు.

జరగని వాళ్ళని రాయొద్దన్నాను, నాకు జరిగింది అన్నారు మేడమ్. డస్టరు అరచేతిలో పెట్టుకున్నారు. మళ్ళీ ఆ కాఫీ పళ్ళెమే. "ఆ రోజు నేను ఆయన ఎదురుగా ఇలా నిలబడ్డాను. ఆయన మా నాన్న వైపు తిరిగి, అమ్మాయికి వంట వచ్చాండీ అని అడిగాడు. ఇదిగో ఇంత దూరంలో ఉన్నాను నేను. ఈయన నన్నెప్పటికీ అడగడు అనుకున్నాను. ఒక్కసారి చూసి అనుకోకూడదని ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. మొన్న సంతంతా తిప్పి తీసుకొచ్చి మళ్ళీ చూశాను. అడిగేందుకు మా నాన్న లేడు. అయినా వెతికి ఇంకొకరిని పట్టుకున్నాడు."

మేం బల్లలు గుద్దాం. సోమన్న బోర్డు దగ్గరికి వెళ్ళి, మేడమ్‌కి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. మీ సొమ్మే మేడమ్ అన్నాడు. నేను నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. అంత సంతోషం నాకు మేకపిల్ల దొరికినప్పుడు కూడా కలగలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం కాఫీకి మా ఇంటికే వచ్చేవారు. మా ఇంట్లో కొలత కుదిరిందన్నారు. రిటైరయ్యాక కిందికి దిగలేదు. మా వెనకగదిలో చేరారు. నాన్న ఆవిడ కోసం ఆ గది చూరు కొంచెం ఎత్తించాడు. అయినా అలవాటు కొద్దీ వంగే వచ్చేవారు. ఆయనకి ఉత్తరం రాశారా మేడమ్ అని నేనెప్పుడు అడిగినా, రాస్తన్నానే, పెద్ద ఉత్తరం అనేవారు.

నిన్నటి వాళ్ళకి పొద్దున్న జవాబిచ్చాను. థాంక్యూ, దయచేసి రెండోసారి రండి, చూశాక అప్పుడు రాయండి అని ఇంగ్లీషులో పెట్టాను. అమ్మకి చదివి వినిపిస్తే, బావుంది, మేడమ్ గోరి మాటలాగే ఉందంది.

పోయిన వానాకాలంలో మేడమ్ వెళ్ళిపోయారు. విశాఖపట్నం ఆస్పత్రికని అంబులెన్సు వస్తే, స్ట్రెచరు సరిపోక పాదాలు బయటికి వచ్చాయి. బూట్లు వేసుకుంటానని పట్టుబట్టారు, నేనే వేసి లేసులు కట్టాను. ఘాట్ రోడ్డులో కక్కుకుంటానేమో అని నవ్వారు. అమ్మ మంకీ క్యాపు తెచ్చి తలకి పెట్టింది. తలుపులు వేసేముందు, ఎప్పుడొస్తారు మేడమ్ అని అడిగాను. ఆవిడ నన్ను చూశారు. మళ్ళీ ఇంకోసారి చూశారు.

"వెళ్ళి ఉత్తరం రాస్తానే గుంటా," అన్నారు.

ఇంకా రాస్తూనే ఉన్నారు కాబోలు. పెద్ద ఉత్తరమే అయ్యుంటుంది.